ఒక యింట పెక్కు గదులు: కంప్యూటరునందు నామపరిధులు
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన రామారెడ్డి గ్రామమున గ్రంథాలయము నెలకొని ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. పుస్తకములను గూర్చియు, పఠనమువలని మేలును గూర్చియు నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. కావున నాకు పరిచయమైన కంప్యూటరు విద్యనుండి ఒక విషయము నెన్నుకొంటిని. ఒకే యంత్రముపై నడచు పెక్కు కార్యక్రమములను ఒకదాని కొకటి కానరాకుండ వేరువేరు గదులలో నుంచుట ఎట్లు? ఆ పనిని పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాషలో, అనగా వ్రాసినది వ్రాసినట్లే వెంటనే నడిపి చూడదగిన భాషలో, సామాన్య విద్యార్థి సయితము చేయుట ఎట్లు? వినుటకు కఠినముగా తోచినను, ఇందలి మూలసూత్రము మన గ్రంథాలయపు రిజిస్టరులోనే యున్నది.

క్రొత్త పుస్తకము రాగానే గ్రంథపాలకుడు దానికొక వరుససంఖ్య వేసి రిజిస్టరున నెక్కించును. మన గ్రంథాలయమున 1వ సంఖ్యగల పుస్తకమొకటి గలదు. కామారెడ్డియందలి గ్రంథాలయమునను 1వ సంఖ్య గలదు; ఎల్లారెడ్డియందును గలదు. సంఖ్య యొక్కటే, పుస్తకములు వేరు. అయినను ఏ పాఠకుడును తికమకపడడు. ఏలయన, ఆ సంఖ్య ఆ గ్రంథాలయపు నాలుగు గోడల నడుమనే చెల్లును. ఇండ్ల నంబర్లును ఇట్టివే. మల్లయ్య యను పేరు ప్రతి యూరను వినబడును. ఏ యూరి మల్లయ్య యని అడిగినగాని మనిషి తేలడు. ఒక పేరుగాని, ఒక సంఖ్యగాని ఎంత మేర చెల్లునో ఆ మేరను కంప్యూటరు శాస్త్రమున నేమ్‌స్పేస్ అందురు. మనము దానిని నామపరిధి యందము.

కంప్యూటరునందు నడచుచున్న ప్రతి కార్యక్రమమునకును ప్రోసెస్ అని పేరు. ఒక సామాన్యమైన యంత్రమునందే ఒకే సమయమున వందలకొలది ప్రోసెస్సులు నడచుచుండును. వానికి జ్ఞాపకస్థలమును, కాలమును పంచియిచ్చి, తగవులు తీర్చు పెద్ద యొకడున్నాడు. వానిని కెర్నెల్ అందురు. కెర్నెల్ ప్రతి ప్రోసెస్సునకు నొక సంఖ్యనిచ్చును. ఒకదాని జ్ఞాపకస్థలములో మరియొకటి చేయిపెట్టకుండ చూచును. ఇంతవరకు మేలే. కాని మిగిలినవి యన్నియు ఉమ్మడి ఆస్తి. ఎవరెవరు నడచుచున్నారను జాబితా యుమ్మడి. పత్రములుంచు అరల వరుస యుమ్మడి. యంత్రము పేరు యుమ్మడి. ఇంటర్నెట్టునకు పోవు ద్వారము యుమ్మడి. పాతకాలపు పెద్ద లోగిలిలో నాలుగు కాపురములున్నట్లే. పొయ్యిలు వేరైనను వాకిలియు, బావియు నొక్కటే.

దీనివలని చిక్కు ఎట్టిదో చెప్పెదను. గ్రంథాలయమున ఒక కంప్యూటరును అందరి వాడుకకొఱకు ఉంచినారనుకొందము. ఉదయము ఒక అమ్మాయి వచ్చి ఉద్యోగమునకు దరఖాస్తు నింపి, తన సర్టిఫికెట్ల నకళ్లను, ఆధార్ కార్డు నకలును అందులో నుంచి వెళ్లినది. సాయంకాలము ఒక కుర్రవాడు వచ్చి, ఎవరో పంపిన కార్యక్రమ మొకటి తెచ్చి అదే ఖాతాలో నడిపినాడు. వానికి దురుద్దేశము లేదు. కాని ఆ కార్యక్రమమును వ్రాసినవాడెవడో వానికి తెలియదు. అది నడచుచున్నంతసేపు ఆ ఖాతాకున్న హక్కులన్నియు దానికుండును. ఆ అమ్మాయి పత్రములను చదువగలదు. ఇంటర్నెట్టు ద్వారమున బయటికి పంపగలదు. చప్పుడు కాదు, తాళము పగులదు, మరునాడు చూచిన అంతయు ఉన్నచోటనే యుండును. నష్టము మాత్రము జరిగిపోయినది.

ఇట్టి సందర్భమున గ్రంథపాలకునకు రెండు దారులు కనబడును. అపరిచితమైన కార్యక్రమములను ఎవరును నడుపరాదని శాసించుట యొకటి. అట్లు చేసినచో ఊరి పిల్లలకు కంప్యూటరు విద్య అబ్బదు. ఏలయన తాను వ్రాసిన తప్పుల కార్యక్రమము కూడ అపరిచితము వంటిదే. ఎవరికి తోచినది వారు చేసికొనుడని విడిచిపెట్టుట రెండవది. అట్లయినచో ఉదయము వచ్చిన అమ్మాయికి రక్షణలేదు. మూడవ దారి ఒకటి కలదు. ఆ కార్యక్రమమునకు వేరొక గది కట్టియిచ్చి, అందులో దాని యిష్టము వచ్చినట్లు నడువనిచ్చుట. ఈ గదులు కట్టు ఉపాయమే నామపరిధులు.

ఈ యుపాయము ఒక్కనాడు పుట్టినది కాదు. 1979లో యూనిక్స్ ఏడవ సంచికయందు, ఒక ప్రోసెస్సునకు అరల వరుసలో కొంతభాగమునే లోకమంతయు నని చూపు సదుపాయము చేర్చబడినది. దానిపేరు ఛ్‌రూట్. 2000వ సంవత్సరమున ఫ్రీబీయస్‌డీ వ్యవస్థ నాలుగవ సంచికలో జెయిల్ అను పేర మరింత గట్టి యేర్పాటు వచ్చినది. బెల్ ప్రయోగశాలలవారి ప్లాన్ 9 వ్యవస్థలో ప్రతి ప్రోసెస్సునకు తనదైన నామపరిధి యుండవచ్చునను తలంపు స్పష్టముగా రూపుగొన్నది. ఫిన్లాండు దేశమున లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ ఈ తలంపును ఒక్కొక్క మెట్టుగా గ్రహించినది. 2002లో అరల వరుసకు, 2006లో యంత్రనామమునకును, ప్రోసెస్సుల పరస్పర సందేశములకును, 2008లో ప్రోసెస్సుల సంఖ్యలకు నామపరిధు లేర్పడినవి. నెట్‌వర్కు పరిధి 2009 నాటికి పూర్తియైనది. వాడుకదారుల సంఖ్యలకు సంబంధించినది 2013లో 3.8వ సంచికతో పూర్ణరూపమందినది. 2016లో వనరుల గుంపులకును, 2020లో కొన్ని గడియారములకును వేరు పరిధులు వచ్చినవి. ఇట్లు మొత్తము ఎనిమిది రకములైనవి.

ఈ నిర్మాణమున చేయివేసినవారిలో శుకదేవ్ భట్టిప్రోలు ఒకరు. ఆయన ఎరిక్ బీడర్‌మన్, సెర్జ్ హాలిన్, డేనియల్ లెజ్‌కానో అనువారితో కలిసి, లినక్స్‌లో ఈ గదుల నిర్మాణమును వివరించు వ్యాసమును 2008లో అమెరికాలోని ఏసీఎం సంస్థవారి పత్రికయందు ప్రకటించెను. భట్టిప్రోలు అనగానే మనకు బౌద్ధస్తూపమును, ప్రాచీన బ్రాహ్మీ శాసనములును గల ఆంధ్రదేశపు గ్రామము స్ఫురించును. ఆ ఊరిపేరు ఇంటిపేరుగా గల వ్యక్తి, లోకమంతట నడచు యంత్రముల లోపలి కట్టడమున పాలుపంచుకొనుట మనకు సంతోషదాయకము.

ఇక గది లోపలికి పోయి చూతము. ప్రోసెస్సుల సంఖ్యల పరిధి వేరైనప్పుడు, లోపల మొట్టమొదట పుట్టిన ప్రోసెస్సు సంఖ్య 1. బయటనుండి చూచిన అదే ప్రోసెస్సునకు 4217 వంటి సంఖ్య యేదో యుండును. బయటివారు లోపలివారిని చూడగలరు. లోపలివారికి బయటివారు లేనట్లే. పేరే తెలియనివానిని పిలుచుట యెట్లు, ఆపుట యెట్లు? నెట్‌వర్కు పరిధి వేరైనప్పుడు, లోపల తనతో తాను మాట్లాడుకొను ద్వార మొక్కటే యుండును; అదియు మొదట మూసియే యుండును. బయటికి త్రోవ కావలెనన్న బయటివారే వేయవలెను. యంత్రనామ పరిధి వేరైనచో లోపల పేరు మార్చుకొనినను బయట మారదు. వీనియన్నిటిలో వింతయైనది వాడుకదారుల పరిధి. బయట సామాన్యుడగు 1000వ సంఖ్య వాడుకదారుడు, లోపల సున్న సంఖ్యగల సర్వాధికారి కావచ్చును. తన యింట తాను పెద్ద. వీధిలోనికి వచ్చిన అందరిలో నొకడు.

ఈ చివరిమాటలో గొప్ప విశేషమున్నది. అంతకుముందు గది కట్టవలెనన్న యంత్రమున కధికారియైనవాని యనుమతి తప్పనిసరి. వాడుకదారుల పరిధి వచ్చిన పిమ్మట, సామాన్యుడును తన హక్కుల మేరకు గది కట్టుకొనవచ్చునైనది. హైదరాబాదు నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన కాలమునుండి తెలంగాణమున గ్రంథాలయములు నడిపిన పెద్దలు, నిజాము పాలనలో సభ జరుపుటకు సయితము ముందుగా అనుమతి వేడవలసిన దినములను చూచినారు. చదువుకొనుటకును, ప్రయత్నించి చూచుటకును ప్రతిసారి ఒకరి యనుమతి వేడవలసిన అవసరము లేకుండుట యెంత విలువగలదో ఆ కథలు విన్న మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పని చేయు విధము. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ భాష నేడు మన కళాశాలలలో నేర్పబడుచున్నది. దాని 3.12వ సంచిక 2023 అక్టోబరులో వెలువడినది. అందు ఓఎస్ అను విభాగములో అన్‌షేర్, సెట్‌ఎన్‌ఎస్ అను రెండు సాధనములు చేర్చబడినవి. అన్‌షేర్ అనగా ఉమ్మడినుండి వేరుపడుట. సెట్‌ఎన్‌ఎస్ అనగా ముందే యున్న గదిలో చేరుట. అంతకుముందు ఈ పనికై సీ భాషలోని సాధనములను సీటైప్స్ అను వంతెన ద్వారా పిలువవలసివచ్చెడిది.

పని క్రమము ఇట్లుండును. మొదట కార్యక్రమము తన వాడుకదారు సంఖ్యను, గుంపు సంఖ్యను గుర్తించి యుంచుకొనవలెను. పిమ్మట అన్‌షేర్‌ను పిలిచి, వాడుకదారుల పరిధిని, దానితోపాటు కావలసిన తక్కిన పరిధులను కోరవలెను. ఆ సమయమున ఆ ప్రోసెస్సు ఒకే పోగుగా నడచుచుండవలెను. పలు పోగులుగా చీలియున్న కెర్నెల్ ఒప్పుకొనదు. తరువాత, బయటి 1000 లోపలి సున్నకు సమానమని తెలుపు పట్టికను ప్రోక్ అను అరలోని పత్రములలో వ్రాయవలెను. గుంపుల పట్టిక వ్రాయుటకు ముందు, గుంపులను మార్చుకొను హక్కును వదలుకొనుచున్నానని వ్రాయవలెను. ఈ వరుస తప్పినచో కెర్నెల్ తిరస్కరించును.

తరువాతిది ఫోర్క్, అనగా ఒక ప్రోసెస్సు తనవంటి బిడ్డను కనుట. ఇచ్చట క్రొత్తవారు తరచు పొరబడుదురు. అన్‌షేర్‌ను పిలిచిన ప్రోసెస్సు తన పాత సంఖ్యతో పాత పరిధిలోనే మిగులును. క్రొత్త సంఖ్యల పరిధిలో అడుగుపెట్టునది దాని బిడ్డయే. ఆ మొదటి బిడ్డకే 1వ సంఖ్య. ఒకటవ సంఖ్యవాడు ఆ యింటి పెద్ద. తల్లిదండ్రులు పోయిన ప్రోసెస్సులు వాని పోషణలోనికి వచ్చును. అవి ముగిసినప్పుడు లెక్క తీర్చవలసినవాడును వాడే. పెద్ద కన్నుమూసిన క్షణమున ఆ గదిలో నున్న వారినందరిని కెర్నెల్ ముగించును. దీనివలన ఒక మేలున్నది. అపరిచితమైన కార్యక్రమము చాటుగా పిల్లలను పుట్టించి విడిచిపోవుటకు వీలులేదు. పెద్దను తొలగించిన గదియంతయు శుభ్రమగును.

బిడ్డ చేయవలసిన పనులు మరికొన్ని గలవు. పాత ప్రోక్ అర యింకను బయటి జాబితానే చూపుచుండును. కావున క్రొత్తదానిని దానిపై నమర్చవలెను. అరల పరిధి వేరుపడినంతమాత్రమున పత్రములు దాగవు. వేరుపడిన క్షణమున పాత యేర్పాటున కచ్చమైన నకలే లభించును. అన్నదమ్ములు వేరుపడినను పాత తాళపుచెవులు ఇద్దరివద్దను ఉన్నట్లే. కావున పత్రములున్న అరపై ఖాళీ అరనొకటి కప్పవలెను. లేదా గదికి వేరొక మూలవృక్షమునే యేర్పరచి పాతదానిని విడిచిపెట్టవలెను. సర్వాధికారి హోదాతో ఈ పని చేయువారు మరియొకటి గమనింపవలెను. నేటి పెక్కు లినక్స్ యంత్రములలో ఒకచోట అమర్చినది ఇంకొకచోటను అమరునట్లు మూలమున ఏర్పాటుండును. ముందుగా ఆ పొత్తును తెంచినగాని, లోపల చేసిన మార్పు బయటికి ప్రాకును.

ఇన్నియు సిద్ధపరచిన పిమ్మట, చివరి మెట్టు గది యధికారములను వదలుకొనుట. లోపలివాడు లోపల సర్వాధికారియే గదా! వానిని అట్లే యుంచి అపరిచిత కార్యక్రమమును నడిపినచో, అది మనము కప్పిన ఖాళీ అరను తొలగించి క్రింది పత్రములను చూడగలదు. గోడ కట్టిన తాపీని ఖైదీ చేతిలో విడువరాదు. అధికారము వదలి, ఆ తరువాతనే అపరిచితుని లోనికి బిలువవలెను. బయటనున్న తల్లి ప్రోసెస్సు వేచియుండి, గడువు మీరిన ముగించి, ఫలితమును గ్రహించును. ఇదియంతయు పైథాన్‌లో నూరు పంక్తులకు లోబడిన వ్రాత.

ఈ పద్ధతియొక్క పరిమితులను చెప్పకుండుట న్యాయము కాదు. నామపరిధి కంటికి అడ్డము గాని కడుపునకు అడ్డము కాదు. లోపలి కార్యక్రమము యంత్రముయొక్క కాలమునంతటిని, జ్ఞాపకస్థలమునంతటిని మ్రింగివేయవచ్చును. దాని కొలత వేరు సాధనమగు సీగ్రూప్స్ చేయును. గూగుల్ ఇంజనీర్లు 2006లో ఆరంభించిన ఈ పని 2008లో లినక్స్‌లో చేరినది. రెండవది, గదులన్నిటికి కెర్నెల్ ఒక్కటే. పునాదిలో పగులున్న గదుల గోడలు నిలువవు. 2019లో రన్‌సీ అను ప్రసిద్ధ సాధనమున లోప మొకటి బయటపడినది. గదిలోని కార్యక్రమము ఆ సాధనమునే మార్చివేసి బయటి యంత్రముపై సర్వాధికారము పొందగలుగుట అందలి ప్రమాదము. వెంటనే సవరణ జరిగినది. వాడుకదారుల పరిధిని సక్రమముగా వాడినచోట ఆ దెబ్బ తగులలేదు. సామాన్యుల కిచ్చిన గదుల హక్కువలన కెర్నెల్‌లోని పాత పగుళ్లను తట్టిచూచు అవకాశము దుర్జనులకును పెరిగినది. అందుచేతనే ఉబుంటు వ్యవస్థ తన 2024 ఏప్రిల్ సంచికలో ఈ హక్కును ముందుగా ఒప్పుకొన్న కార్యక్రమములకే పరిమితము చేసినది. ఇది న్యాయమా యని పండితులు వాదించుచున్నారు. స్వేచ్ఛ యెక్కువైన కావలియు ఎక్కువ కావలెనని నా తాత్పర్యము.

ఇట్టి గదులు మన కెక్కడ పనికివచ్చుచున్నవి? 2013లో లోకమునకు తెలిసిన డాకర్, 2014లో గూగుల్ ప్రకటించిన కుబర్నెటీస్ అను సాధనములు వీనిపైననే నిలిచినవి. మనము రైలు టిక్కెట్టు కొనినను, పరీక్షాఫలితము చూచినను, దూరమున నెక్కడనో ఇట్టి గదిలోనే ఆ పని జరుగుచుండవచ్చును. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పోటీలలో బాలబాలికలు వ్రాసిన కార్యక్రమములను పరీక్షించుటకు ఐసొలేట్ అను సాధనము వాడబడుచున్నది. దానిని మార్టిన్ మరేష్, బెర్నార్డ్ బ్లాక్‌హామ్ అనువారు 2012లో వ్యాసముఖమున వివరించిరి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో ప్రతి యాప్‌నకు వేరు వాడుకదారు సంఖ్య యుండును. ఏర్పాటు కొంత భిన్నమైనను సూత్రము దీనికి చుట్టమే.

సోదరులారా! వేరుచేయుట యను మాట మన పల్లెలలో చెవికింపైనది కాదు. బావి వేరు, గుడి వేరు, గ్లాసు వేరు అని మనుష్యులను వేరుచేసిన పాపము మన చరిత్రలో నున్నది. వెలివేయుట యనగా నేమో మన పెద్దలకు తెలియును. నేను చెప్పిన వేరుపాటు అట్టిది కాదు. అందు అపరిచితుని గడప దాటనీయకుండుట లేదు. రమ్మని పిలిచి, వానికొక గదియు, ఒకటవ సంఖ్యయు, తన యింట తాను పెద్దయను గౌరవమును ఇచ్చి, ఇరుగుపొరుగు సొత్తు జోలికి మాత్రము పోకుండ చూచుట యున్నది. వ్యక్తిని అనుమానించి పంపివేయుటకంటె, హద్దు నిర్ణయించి ఆదరించుట మేలు. గ్రంథాలయమును అదే చేయుచున్నది. ఎవరు వచ్చినను కుర్చీ వేయును, పుస్తకము చేతికిచ్చును, చించరాదని మాత్రము చెప్పును.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము రెండు మాటలు. గ్రంథాలయమున కంప్యూటరుంచినప్పుడు అది కొంత పాతదైనను చింతలేదు. లినక్స్ ఉచితము; పైథాన్ ఉచితము; వాని మూలవ్రాత యెవరైనను చదువవచ్చును. ప్రతివారి పత్రములకు వేరు ఖాతా నిండు. నేర్చుకొను పిల్లలకు ఇట్టి గదు లేర్పరచి, వారి ప్రయోగములను వానిలో సాగనిండు. విద్యార్థులకు నా విన్నపము ఒకటే. ఇతరులు కట్టిన గదులను వాడుటతో తృప్తిపడవలదు. ఒక్కసారియైనను మీ చేతులతో ఒక గది కట్టి, లోపలికి పోయి, మీ సంఖ్య ఒకటియగుట కన్నులార చూడుడు. తెలుగున చదివి, తెలుగున ఆలోచించి ఈ విద్యను గ్రహింపవచ్చునని మీకే తెలియును. మీ తరువాతివారికి తెలుగుననే చెప్పగలరు.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును ఇంతకంటె వైభవముగ జరుపుకొనుగాక యని కోరుచు విరమించుచున్నాను.